పోగొట్టుకున్న చోట వెతకొద్దు

ప్రశ్న: నమస్కారం అండీ. నాకు 36 ఏళ్లు. ఆరేళ్లుగా పోకర్ ఆడుతున్నాను. మొదటి నాలుగేళ్లు శనివారం రాత్రి స్నేహితులతో మాత్రమే ఆడేవాణ్ణి. రెండేళ్ల నుంచి ఫోన్‌లో కూడా ఆడుతున్నాను. గుడ్డిగా పందెం కాసే మనిషిని కాను. లెక్కలు నేర్చుకున్నాను, నాకంటే తక్కువ ఆడేవాళ్లను రోజూ చూస్తుంటాను. కొన్ని నెలల కిందట ఒక్క రాత్రిలో నెల జీతంలో సగం పోయింది. రాబట్టుకుందామని మళ్లీ కూర్చున్నాను. కొంత వచ్చింది, వచ్చింది కాస్తా పోయింది. ఇప్పుడు ఒక లోన్ ఉంది. నా భార్యకు తెలియదు. మొన్న ఆఫీసు నుంచి వచ్చి ఇంటి కింద కారులోనే కూర్చుని ముప్పావుగంట ఆడాను. పైకి వెళ్లేసరికి పాప సోఫాలో నిద్రపోయింది. నాకు చూపించాలని అట్టముక్కతో చేసుకున్న కిరీటం దాని చేతిలోనే ఉంది. నేను వ్యసనపరుణ్ణి అయితే కాదు. పోకర్ నైపుణ్యం ఉన్న ఆట, గుడ్డి జూదం కాదు కదా? మానేయకుండా హద్దులో పెట్టుకునే దారి చెప్పండి. పేరు వేయకండి.

సమాధానం: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ జీతంలో సగం పోయిందన్న దగ్గర ఆగలేదు. ‘నా భార్యకు తెలియదు’ అన్న దగ్గరే ఆగిపోయాను. డబ్బు పోయిన మాట మీరు నాలుగు వాక్యాల్లో చెప్పారు. ఈ మాట మాత్రం ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు.

జూదం ఎవరికైనా సమస్యగా మారుతోందా అని తొందరగా పసిగట్టడానికి నిపుణులు రెండే రెండు ప్రశ్నలు అడిగే పద్ధతి ఒకటుంది. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో మీకు కావలసినవాళ్ల దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? రెంటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఇంకాస్త లోతుగా చూడాల్సిందే అంటారు. రెండో ప్రశ్నకు మీ ఉత్తరమే జవాబు చెప్పింది. అబద్ధం ఆడలేదు, చెప్పలేదంతే అంటారేమో. మెట్లెక్కి పైకి రావాల్సిన మనిషి కారులో ముప్పావుగంట కూర్చున్నాడంటే, ఆ రాత్రి ‘ట్రాఫిక్’ అనో ‘ఆఫీసులో పని’ అనో ఏదో ఒకటి చెప్పే ఉంటాడు.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. అవును, పోకర్‌లో నైపుణ్యం ఉంది. అది నేను కాదనను. మొదట చేతికిచ్చే రెండు ముక్కలూ ఆసులే అయ్యే అవకాశం 221 ఆటల్లో ఒకసారి (ఒకసారి ముక్కలు పంచి తేల్చేది ఒక ఆట). బల్ల మీద మొదటి మూడు ముక్కలు (ఫ్లాప్) తెరిచాక, ఒకే గుర్తున్న ఐదు ముక్కల ఫ్లష్‌కి ఒక్క ముక్క తక్కువైతే, చివరి ముక్క (రివర్) పడేసరికి అది వచ్చే అవకాశం దాదాపు 35 శాతం. ఇవి తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆడితే ఆ తేడా డబ్బులో కనిపిస్తుంది కూడా.

చిక్కంతా ఆ ‘ఏళ్ల తరబడి’ దగ్గరే ఉంది. మీకు లెక్కలు వచ్చు కాబట్టి లెక్కతోనే చెబుతాను. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒకరు పెట్టి తీరాల్సిన పందెం, లాభనష్టాలు దానితోనే కొలుస్తారు. బాగా ఆడే మనిషి, ఆట నడిపేవాళ్లు తీసుకునే కోత (రేక్) పోను, 100 ఆటలకు 5 బిగ్ బ్లైండ్లు మిగుల్చుకుంటాడనుకుందాం. అది మంచి ఆటగాడి స్థాయి. పందేనికి పైహద్దు లేని ‘నో లిమిట్’ పోకర్‌లో ప్రతి 100 ఆటలకు ఎగుడుదిగుడు దాదాపు 90 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది. ఈ లెక్కన 10,000 ఆటలు ఆడాక అతనికి రావాల్సింది 500 బిగ్ బ్లైండ్లు, అదృష్టం అటూ ఇటూ ఊపే ఊపు 900. అంటే నిజంగా బాగా ఆడేవాడు కూడా 10,000 ఆటల తర్వాత నష్టంలో ఉండే అవకాశం పదింట మూడు వంతులు. ఎదురెదురుగా కూర్చుని ఆడితే గంటకు 25, 30 ఆటలు సాగుతాయి. శనివారానికి నాలుగు గంటల చొప్పున 10,000 ఆటలు పూర్తి కావడానికి ఏడాదిన్నర పైన పడుతుంది. అప్పటికీ ‘నేను బాగా ఆడుతున్నానా’ అన్నదానికి గట్టి జవాబు దొరకదు.

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. మామూలుగా ఆడేవాడు కూడా కొన్ని నెలలు లాభంలో ఉండొచ్చు. నష్టం వచ్చినప్పుడు ‘ఆట బాగానే ఆడాను, ముక్కలే కలిసిరాలేదు’ అనుకోవచ్చు. ఆ మాట కొన్నిసార్లు నిజం కూడా. అప్పుడప్పుడూ నిజమవుతుంది కాబట్టే అది అంత ప్రమాదం. లాటరీ టిక్కెట్టు కొన్నవాడు ఏదో ఒక రోజు ‘ఇది నా చేతిలో లేదు’ అని ఊరుకుంటాడు. పోకర్ ఆడేవాడికి ఆ ఊరట లేదు. నైపుణ్యం ఉందన్న నమ్మకమే ‘ఇంకొక్కసారి కూర్చుంటే తెచ్చుకుంటాను’ అనిపిస్తుంది. మీరు జూదం కాదని చెప్పడానికి చూపిస్తున్న కారణమే మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వడం లేదు.

పైగా ఆ రేక్ ఒకటుంది. ఆటలో పోగైన పందెం సొమ్మును పాట్ అంటారు. ప్రతి పాట్‌లోంచీ ఆట నడిపేవాళ్లు కొంత తీసేసుకుంటారు. అంటే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లందరి డబ్బూ కలిపి చూస్తే రాత్రి మొదట్లో ఉన్నదానికంటే చివర్లో తక్కువే ఉంటుంది. పక్కవాడికంటే కాస్త బాగా ఆడితే చాలదు, ఆ కోతను కూడా దాటేంత బాగా ఆడాలి.

శనివారం ఆట నాలుగేళ్లలో చేయని చెరుపు ఫోన్ రెండేళ్లలో ఎలా చేసింది? శనివారం రాత్రి ఎవరో ఒకరు ఆవులిస్తారు. ఒకరికి ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. ఇంకొకరు ‘చాల్లే, పొద్దున్నే పనుంది’ అని లేస్తారు. ఆ ఆవులింతలే మీకు హద్దుగా నిలిచాయి, మీ నిగ్రహం కాదు. ఫోన్‌లో ఆవులించేవాళ్లు లేరు. అర్ధరాత్రి రెండింటికి కూడా బల్ల నిండుగా ఉంటుంది. ముక్కలు కలిపే వ్యవధి లేదు కాబట్టి ఒక్క బల్ల మీదే గంటకు 60, 70 ఆటలు పడతాయి. రెండు మూడు బల్లలు తెరిస్తే చెప్పక్కర్లేదు. శనివారం రాత్రంతా ఆడితే ఎంతవుతుందో అంత ఆట, బాత్రూంలోనూ భోజనం ముందూ కలిపి ఒక్క రోజులో అయిపోతుంది.

పోయింది రాబట్టుకోవాలనుకున్నారు చూడండి, అక్కడ కాసేపు ఆగుదాం. ‘ఎక్కడ పోగొట్టుకున్నావో అక్కడే వెతుక్కో’ అని మనలో ఒక మాటుంది. తాళంచెవి పోతే అంతకంటే మంచి సలహా లేదు. పేకాటలో మాత్రం ఆ మాటంత చెడ్డది ఇంకొకటి లేదు. తాళంచెవి పడ్డ చోటే ఉంటుంది. మీ డబ్బు ఆ బల్ల మీద లేదు. అది ఇంకొకరి ఖాతాలోకి వెళ్లిపోయింది, కొంత రేక్‌లో పోయింది. మీరు మళ్లీ కూర్చుంటే ఆడేది కొత్త డబ్బుతో, కొత్త ఆట. నిన్న మీకు ఎంత పోయిందో ఆ ముక్కలకు తెలియదు. 1913లో మాంటే కార్లో కాసినోలో రౌలెట్ చక్రం మీద వరుసగా 26 సార్లు నలుపే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని ప్రతిసారీ ఎరుపు మీద కాసినవాళ్లు కుప్పలుగా పోగొట్టుకున్నారు. ‘ఇన్నిసార్లు పోయింది కదా, ఇప్పుడు రావాలి’ అన్న ఆశ మనిషి మనసులో ఉంటుంది, ముక్కల్లో ఉండదు.

నష్టంలో ఉన్న మనిషి మామూలుగా ముట్టుకోని ప్రమాదాన్ని కూడా నెత్తికెత్తుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్కీ 1979లో రాసిన వ్యాసంలో చూపించారు. పోకర్ ఆడేవాళ్లు దీనికి ‘టిల్ట్’ అంటారు. ఆ మాట పిన్‌బాల్ యంత్రాల నుంచి వచ్చింది. ఆడేవాడు కోపంతో యంత్రాన్ని పట్టుకుని కుదిపితే, దాని మీద ‘టిల్ట్’ అని వెలిగి మీటలు పనిచేయడం మానేస్తాయి. పిన్‌బాల్ యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. పోకర్ బల్ల ఆగదు. మీరు టిల్ట్‌లో ఉన్నారని గమనించినవాళ్లు ఆపకపోగా ఇంకా కూర్చోమంటారు. రాత్రి పదింటికి లెక్కలు వేసుకుని ముక్కలు పడేసి తప్పుకునే (ఫోల్డ్ చేసే) మనిషీ, ఒంటిగంటకు పోయిన డబ్బు గుర్తొచ్చి ముందున్నదంతా ఒక్కసారే కాసే (ఆల్ ఇన్ కొట్టే) మనిషీ మీరే. పదింటివాడి నైపుణ్యం ఒంటిగంటవాడికి అక్కరకు రాదు.

వ్యసనపరుణ్ణి కాదు అన్నారు. ఆ పేరు మీకు నేను పెట్టను, ఉత్తరం చదివి పెట్టకూడదు కూడా. ఒక్క సంగతి తెలుసుకోండి. జూదం మీద అదుపు తప్పడాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లోనే మానసిక వ్యాధుల జాబితాలో చేర్చింది. 2013లో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన పెట్టింది. అంటే ఇది బుద్ధిలేనితనమో, పెంపకం లోపమో కాదు. చదువుకున్నవాళ్లకూ, లెక్కలొచ్చినవాళ్లకూ, ఇంటిని ప్రేమించేవాళ్లకూ వస్తుంది. ఆ వర్గీకరణలో తొమ్మిది లక్షణాలున్నాయి. ఏడాదిలో నాలుగు కనిపిస్తే వైద్యం అవసరమైన స్థితిగా చూస్తారు. పోయింది రాబట్టడానికి మళ్లీ వెళ్లడం అందులో ఒకటి. దాచడం, అబద్ధం చెప్పడం ఇంకొకటి. ఈ రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మిగిలినవి మీకే తెలియాలి. అదే సరదా రావాలంటే పందెం పెంచాల్సి వస్తోందా? తగ్గించాలని చూసి ఎన్నిసార్లు విఫలమయ్యారు? ఆడని రోజు చిరాకుగా ఉంటోందా? వేరే పనిలో ఉన్నా బుర్రలో ముక్కలే తిరుగుతున్నాయా? మనసు బాగాలేనప్పుడు చెయ్యి ఫోన్ మీదికే వెళ్తోందా? దీనివల్ల ఉద్యోగమో, కాపురమో దెబ్బతినే దాకా వచ్చిందా? అప్పు తీర్చడానికి ఎవరినైనా డబ్బు అడిగారా? కాగితం మీద రాసుకుని ఒక సైకియాట్రిస్టు ముందు పెట్టండి. తేల్చాల్సింది వాళ్లే.

ఇక మీరు అడిగిన దారి. మానేయకుండా హద్దులో పెట్టుకునే మార్గం చెప్పమన్నారు. ఈ రోజున్న స్థితిలో మీకు ఆ మార్గం నేను చెప్పను. లోన్ తీరి, ఇంట్లో అంతా తెలిసి, ఆ తర్వాత కనీసం ఆరు నెలలు గడిచే దాకా పోకర్ వద్దు. శనివారం ఆట కూడా వద్దు. ఆ తర్వాత మళ్లీ ఆడాలా అన్నది కూడా మీరొక్కరే తేల్చుకోకండి, చికిత్స చేసే మనిషితో మాట్లాడి తేల్చుకోండి. జూదం అదుపు తప్పిన చాలామందికి పూర్తిగా మానేయడమే సులువు. కొంచెం కొంచెం ఆడటం కష్టం.

మొదట భార్యకు చెప్పండి, ఈ వారంలోనే. చెప్పేటప్పుడు మొత్తం అంకె చెప్పండి. ఇలాంటి విషయాల్లో చాలామంది చేసే తప్పు ఏమిటంటే, సగం చెప్పి ఆమె ముఖం చూసి మిగతా సగం మింగేస్తారు. రెండు నెలలకు ఆ మిగతా సగం బయటపడుతుంది. మొదటిసారి పోయింది డబ్బు అనుకుని ఓర్చుకున్న మనిషి, రెండోసారి నమ్మకం పోయి కుప్పకూలుతుంది. పాప పడుకున్నాక కూర్చోండి. లోన్ కాగితం, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆ ఆట ఖాతాలో డబ్బు వేసిన, తీసిన చరిత్ర అన్నీ ముందు పెట్టండి. ‘పోకర్‌లో ఇంత పోయింది, ఇంత అప్పుంది, ఇన్ని నెలలు నీకు చెప్పలేదు, నాకు సాయం కావాలి.’ ఇంతే చెప్పండి. ముక్కలు ఎలా కలిసిరాలేదో ఆ కథ చెప్పకండి. ఆమెకు కోపం వస్తుంది. రానివ్వండి. ఆ రాత్రే క్షమించమని అడగకండి.

తర్వాత ఖాతా. యాప్ తీసేస్తే సరిపోదు, మళ్లీ దింపుకోవడానికి రెండు నిమిషాలు చాలు. నియమాల ప్రకారం నడిచే సైట్లలో సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అని ఉంటుంది. ఇన్ని నెలల పాటు నన్ను లోపలికి రానివ్వొద్దని మీరే అడగొచ్చు. ఒకసారి అడిగాక మధ్యలో బతిమాలినా తెరవరు. ఉన్నంతలో ఎక్కువ కాలానికి పెట్టండి. జూదం సైట్లకు చెల్లింపులు ఆగిపోయేలా కార్డు మీద అడ్డు పెట్టే వీలుందేమో బ్యాంకులో అడగండి. కొన్నాళ్లు జీతం ఆమె చూసే ఖాతాలోకి వెళ్లనివ్వండి, మీ చేతికి వారం ఖర్చు మాత్రం తీసుకోండి. ఇది శిక్ష అనుకోకండి. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం, కాలు మీద అలగం కదా.

లోన్ తీర్చడానికి ఇంకో లోన్ తీయకండి. అప్పిచ్చినవాళ్లతో మాట్లాడి వాయిదాలు సర్దుబాటు చేసుకోండి. మీ ఇంటి పెద్దవాళ్లో, అన్నదమ్ములో విషయం తెలిసి జాలిపడి ఒక్కసారిగా మొత్తం కట్టేస్తామంటే, దయచేసి వద్దనండి. ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకూ ఇదే చెబుతున్నాను. భారం ఒక్క రాత్రిలో దిగిపోతే మళ్లీ ఆడటానికి దారి శుభ్రమైనట్టే అవుతుంది. పిల్లవాడి మీద ప్రేమ ఉంటే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి, చెక్కు రాయకండి.

ఈ సమస్యకు బాగా పనిచేసే చికిత్సల్లో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఒకటి. ‘ఇప్పుడు రావాలి’, ‘నేను బాగానే ఆడాను’ లాంటి ఆలోచనలు ఎక్కడ పుడుతున్నాయో పట్టుకుని విప్పడం నేర్పుతారు. మద్యం మానిపించే సైకియాట్రిస్టులు చాలామంది దీన్ని కూడా చూస్తారు. మీలాంటివాళ్లే కూర్చుని మాట్లాడుకునే గ్యాంబ్లర్స్ అనానిమస్ బృందాలు 1957 నుంచి ఉన్నాయి, చాలా దేశాల్లో నడుస్తున్నాయి. అక్కడ పేరు చెప్పక్కర్లేదు.

ఇక ఆ కారు సంగతి. ఆడాలన్న తహతహ అలలా లేస్తుంది, కాసేపు ఓర్చుకుంటే దిగుతుంది. అది లేచే చోటు ఏదో మీకు తెలిసిపోయింది. ఇంజను ఆపాక ఇంటి తలుపు తెరిచే లోపున్న ఆ కాసేపు. ఆఫీసులో బయల్దేరేటప్పుడే ఫోన్ సంచిలో పెట్టి సంచి డిక్కీలో పెట్టండి. కారు ఆపగానే దిగండి. పైకి వెళ్లాక ఆ ముప్పావుగంట ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకోండి, లేకపోతే చేతులు వాటంతట అవే ఫోన్ వెతుకుతాయి.

ఇంకొక్క మాట, ఇది మీకు అక్కర్లేకపోతే అంతకంటే సంతోషం లేదు. జూదం అప్పుల్లో ఉన్నవాళ్లకు ‘నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు’ అనే ఆలోచన రావడం అరుదేమీ కాదు. ఏ రాత్రైనా అలా అనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. పక్కనున్నవాళ్లను లేపండి, ఆసుపత్రికి వెళ్లండి. అప్పు ఎంతైనా నెలల వాయిదాల్లో తీరే వస్తువు.

నలుగురితో సరదాగా ఆడుతూ, ఇంకా అదుపులోనే ఉన్నవాళ్లు కూడా దీన్ని చదువుతుంటారు. ముందుగా, మీరుండే చోట చట్టం డబ్బు పెట్టి ఆడొద్దంటే ఆడకండి, దాని గురించి చర్చే అక్కర్లేదు. ఆడొచ్చు అంటే, ఎంత పోగొట్టుకుంటారో, ఎన్నింటికి లేస్తారో ఇంటి నుంచి బయల్దేరే ముందే తేల్చుకోండి. అంతే డబ్బు పట్టుకెళ్లండి, అది ఖర్చయిపోయినట్టే లెక్క. బల్ల దగ్గర అప్పు పుచ్చుకోకండి, ఇవ్వకండి కూడా. మందు తాగి ఆడకండి. నష్టంలో ఉన్నప్పుడు పందెం స్థాయి పెంచకండి. దీన్ని గట్టిగా పట్టించుకుని ఆడేవాళ్లు ఏ స్థాయిలో ఆడినా దానికి 30, 40 బై-ఇన్‌లైనా (బై-ఇన్ అంటే బల్ల దగ్గర కూర్చోవడానికి ఒకసారి పెట్టే మొత్తం) ఇంటి ఖర్చుతో సంబంధం లేకుండా విడిగా ఉంచుకుంటారు. అలా విడిగా పెట్టిన డబ్బంటూ మీకు లేకపోతే, పాట్‌లో పడుతున్నది పిల్లల ఫీజు.

అన్నిటికంటే ముఖ్యంగా ఒక నోటుపుస్తకం పెట్టండి. నేనూ కొన్నేళ్లు చిన్న మొత్తాలతో పేకాట ఆడాను. నాకు వస్తున్నదే ఎక్కువని గట్టిగా నమ్మేదాన్ని. ఒక ఏడాది పట్టుబట్టి ప్రతి రాత్రీ రాశాను. తారీఖు, ఎన్ని గంటలు, ఎంత పెట్టాను, ఎంతతో లేచాను. ఏడాది చివర కూడి చూస్తే పోయిందే ఎక్కువ. గెలిచిన రాత్రులు ఒక్కొక్కటీ ఎవరు ఏం ముక్క వేశారో దాకా గుర్తున్నాయి. ఓడిన రాత్రులు మాత్రం ఆ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు. కొన్ని తారీఖుల దగ్గర నా చేతిరాత కూడా నాదిలా లేదు. అప్పటి నుంచి ఆడటం తగ్గింది, తర్వాత ఆగిపోయింది.

మీరు ఆ ఆరేళ్ల లెక్క ఈ రాత్రే రాయండి. ఖాతా చరిత్రలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి, గుర్తున్నంత వరకు శనివారాలు కూడా. ఆమె ముందు పెట్టాల్సిన కాగితం అదే. మాట్లాడాక ఏమైందో నాకు రాయండి. పేరు అక్కర్లేదు, కిరీటం సంగతి రాస్తే మీరేనని గుర్తుపడతాను.